కొబ్బరి సంఘం వ్యాను చప్పుడు

అమలాపురం,
12-4-1954

చిరంజీవి పేర్రాజుకు ఆశీర్వచనాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. ఇక్కడ నేనొక్కణ్ణే. నా మట్టుకు క్షేమం. మీ అక్క ఫొటో పెద్దది చేయమని ఇస్తే స్టూడియో వాడు మెరుగులు దిద్ది ముక్కుపుడకని రెండో వైపుకి మార్చాడు. తిప్పి పంపాను.

ఈ ఉత్తరం వ్యాను గురించి.

మా కొబ్బరి రైతుల సహకార సంఘం వ్యాను నీకు తెలుసు. యుద్ధంలో పనిచేసి, సైన్యం వేలంలో మాకు చిక్కి, కడుపులోని పెట్రోలు ఇంజను తీయించుకుని డీజిలు ఇంజను పెట్టించుకున్న ముసలి బండి. నేను కార్యదర్శిని కనుకా, మా దొడ్లో రేకుల సావిడి ఉంది కనుకా అది మా ఇంట్లోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే ఇక్కణ్ణించే బయలుదేరుతుంది.

రెండు నెలలుగా దానికో చప్పుడు పట్టుకుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఎక్కువ. వేగం పెంచితే కలిసిపోతుంది. ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు.

మా అధ్యక్షులు భీమరాజుగారు ఇంజను మూత మీద చెవి ఆనించి విన్నారు. "కాయని చెవి దగ్గరెట్టి ఊపితే లోపల నీళ్ళెన్నున్నాయో చెప్పేస్తానండి నేను. ఇదెంత! గేరు పళ్ళూడిపోయేయి" అన్నారు. అప్పుడు బండి గేరులో లేదు. డాక్టరుగారు ఉబ్బసం అన్నారు, నవ్వుతూ. మర్నాడు నవ్వకుండా అన్నారు. ప్లీడరుగారు అమ్మినవాడికి నోటీసు ఇవ్వమన్నారు. అమ్మినవాడు బ్రిటిషు ప్రభువు.

డ్రైవరు ఏసుపాదం సైన్యంలో బస్రా దాకా బండి తోలి వచ్చినవాడు. వాణ్ణి అడిగితే "అమ్మగారు పోయిన కాణ్ణించేనండి" అన్నాడు. అది తేదీ, కారణం కాదు అని చెప్పాను. "ఆయ్" అన్నాడు. ఒప్పుకున్నట్టు లేదు.

భీమరాజుగారి అల్లుడు ముత్యాలరాజు మాత్రం ఇదంతా డ్రైవరు నిర్లక్ష్యం అంటున్నాడు. బండి పాడైందని తేలితే వేలం వేస్తారు. వేలం వేస్తే ముత్యాలరాజు పాడుకుంటాడు. ఏసుపాదం ఇంటికి పోతాడు. ఇంజను సంగతి ఎవరికీ తెలియకపోయినా ఈ సంగతి అందరికీ తెలుసు.

నువ్వు పదిహేనేళ్ళుగా మోటారు షెడ్డు నడుపుతున్నావు. అదేమిటో చెప్పు.

మీ బావ,
కామేశ్వరరావు

*

రాజమండ్రి,
17-4-1954

పూజ్యులైన బావగారికి పేర్రాజు నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. మా ఆవిడా పిల్లలూ మిమ్మల్ని ఇక్కడికి వచ్చి నాలుగు రోజులు ఉండమంటున్నారు. మీరు రారని నాకు తెలుసు. అయినా వాళ్ళు రాయమన్నారని రాశాను.

చప్పుడు విషయం. డీజిలు ఇంజనుకి చప్పుడు పుట్టుకతో వచ్చిన గుణం. మా తాతగారు వేదం చెప్పినట్టు అది ఆగకుండా పలకాలి. ఆ తాతగారి మనవణ్ణే అయినా వేదం వదిలేసి గొట్టంతో డీజిలు పీల్చి ఊస్తున్నాను కనుక రెండింటి సంగతీ తెలిసే చెబుతున్నాను. స్వరం తప్పిందో లేదో వింటేనే తెలుస్తుంది, ఉత్తరంలో తెలియదు. అసలు లోపల జబ్బు ఉంటే అది రోజు విడిచి రోజు రాదు. వస్తే పోదు. వచ్చిపోయే చప్పుడు సాధారణంగా ఇంజనుది కాదు, దాని చుట్టం ఎవరిదో అయి ఉంటుంది. రేకో, పట్టీయో, వదులైన బోల్టో. ఇంజను మీద ఏ రేకు కదిలినా అది ఇంజను కడుపులోంచే వచ్చినట్టు వినిపిస్తుంది. ఒక రేకు పుణ్యమా అని ఇంజను మొత్తం విప్పేసిన మేస్త్రీలని నేను చూశాను.

అందుకని ఎవరి చేతా ఏమీ విప్పించకండి. మీరే ఒకసారి సావిడిలోకి వెళ్ళి చూడండి. ముందరి జాలీ దగ్గర్నించి మొదలుపెట్టండి. ఇంకెవరినీ పంపొద్దు, మీరే చూడండి. ఈ మధ్య పొద్దున్నే బండిని ఎవరు సాగనంపుతున్నారో, ఎవరు కడుగుతున్నారో కూడా రాయండి.

మీ
పేర్రాజు

*

అమలాపురం,
25-4-1954

చి. పేర్రాజుకు,

నన్నే చూడమన్నావు. నాకు సావిడిలోకి వెళ్ళే పని పడటం లేదు.

బండే నీ దగ్గరికి వస్తుంది. దానితోపాటు ఏడుగురు వస్తున్నారు. వ్యానును రాజమండ్రి పంపాలని నేను ప్రతిపాదిస్తే, చప్పుడు వినడానికి సాక్షులుండాలని భీమరాజుగారు సవరణ తెచ్చారు. 'శబ్ద పరిశీలక ఉపసంఘం' ఏర్పడింది. అందులో ఒకరికి చెవుడు. "ఎవరి పక్షమూ వహించరండి ఆయన" అని ఎన్నుకున్నారు. అందరూ కొత్త పంచెలు ఉతికించుకుంటున్నారు. గోదావరి స్నానం, ఒక సినిమా, ఒకరి మేనల్లుడికి పిల్లని చూడటం కూడా చప్పుడు పరిశీలనలో భాగాలుగా కనిపిస్తున్నాయి.

నేను రావడం లేదు.

కామేశ్వరరావు

*

రాజమండ్రి,
3-5-1954

బావగారికి నమస్కారాలు.

మీ ఉపసంఘం మూడు రోజులుండి నిన్న వెళ్ళింది. పిల్ల నచ్చిందట. సినిమా నచ్చలేదట.

బండి పలకలేదు. ఒక్కసారి కూడా పలకలేదు. నేను నిలబెట్టి విన్నాను, నడిపి విన్నాను, ఇంజను కింద చాప వేసుకుని పడుకుని విన్నాను. శ్రుతి చేసిన మద్దెలలా ఉంది. ఏసుపాదం ముఖం చూడలేకపోయాను. "నిన్న పొద్దున అమలాపురంలో గోలగోలగా అరిచిందండి. పంటెక్కి గోదారి దాటేసరికి నోరు మూసేసిందండి. నా పరువు తీడానికే పుట్టిందండి ఇది" అని చక్రం పక్కన కూలబడ్డాడు.

వాళ్ళతో వచ్చిన ముత్యాలరాజు అక్కడే నిలబడి, "డ్రైవరు పలకమంటే పలుకుద్ది, మానమంటే మానుద్ది. చిలకని పెంచేడండి సంఘం డబ్బుల్తో" అన్నాడు. ఉపసంఘం నవ్వింది. చెవిటాయన కాస్త ఆలస్యంగా నవ్వాడు.

పలకని జబ్బుకి మందు ఇవ్వలేను కనుక నేనేమీ విప్పలేదు. మీరు ఇప్పటికైనా సావిడిలోకి వెళ్ళి చూశారా? బండిని ఎవరు కడుగుతున్నారో కూడా రాయలేదు.

మీ
పేర్రాజు

*

అమలాపురం,
20-6-1954

చి. పేర్రాజుకు,

చప్పుడు పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రెండు వాదాలున్నాయి.

మృగశిర కార్తె రెండో రోజున భీమరాజుగారు వ్యానును ఐనవిల్లి తీసుకువెళ్ళి వినాయకుడి ముందు పూజ చేయించారు. నూట ఎనిమిది కాయలు కొట్టారు. సంఘం కాయలే. ఆ మధ్యాహ్నం నుంచి చప్పుడు లేదు. ఏసుపాదం భార్య మార్తమ్మ అంతకు ముందు ఆదివారమే చర్చిలో ప్రార్థన పెట్టించింది. పాదిరిగారు చెప్పేది ఏమంటే, ప్రార్థన ముందు జరిగింది కనుక ఫలితం దానిదే, మంజూరై రావడానికి మూడు రోజులు పట్టిందంతే.

భీమరాజుగారు ఇంతటితో ఊరుకోలేదు. మినిట్సులో వినాయకుడికి కృతజ్ఞతా తీర్మానం రాయించారు. పాదిరిగారు విని, మాకూ ఒక తీర్మానం కావాలన్నారు. రెండూ రాశాను. రెండింటికీ వరస నంబర్లు ఇచ్చాను.

నాకు ఎవరి మీదా కోపం లేదు. ఏ నమ్మకమూ లేదు. ఊరంతా వానకి చల్లబడింది. కిటికీ తీసి పెట్టుకుంటున్నాను.

కామేశ్వరరావు

*

రాజమండ్రి,
24-6-1954

బావగారికి,

కార్డు మీద ఇంతకంటే పట్టదు. చప్పుడు మళ్ళీ వస్తుంది. పూజ జరిగిన రోజునే వాన మొదలైందా? ఒక పుస్తకంలో రోజూ రాసి పెట్టండి: తేదీ, చప్పుడు ఉందా లేదా, బండి ఎటు వెళ్ళింది. మీరు బి.ఏ.లో ఫిజిక్సు చదివారు. పాదిరిగారూ భీమరాజుగారూ చదవలేదు.

పేర్రాజు

*

అమలాపురం,
16-8-1954

చి. పేర్రాజుకు,

వచ్చింది. శ్రావణంలో వరసగా రెండు వారాలు చినుకు లేదు, ఎండలు కాస్తున్నాయి. మొదటి పొడిరోజునే చప్పుడు తిరిగి వచ్చింది, ఇదివరకటి కంటే గట్టిగా. దేవుళ్ళిద్దరి పక్షాలూ ఒక్క రోజులో మౌనం వహించాయి. అంటే ఇక మిగిలిన దోషి డ్రైవరే.

కమిటీ తీర్మానం ఇలా ఉంది: "డ్రైవరు ఏసుపాదము స్వప్రయోజనార్థమై వాహనమునందు అకారణ శబ్దము కల్పించుచు, పై ఊళ్ళయందు మానిపించుచున్నందున, అతనిని తొలగించుటకున్నూ, వాహనమును వేలము వేయుటకున్నూ." చప్పుడు చేస్తే వాడికి వచ్చే ప్రయోజనం ఏమిటని అడిగాను. అదే తెలియక భయంగా ఉందన్నారు. సెప్టెంబరు ఐదో తేదీ ఆదివారం మా దొడ్లోనే సర్వసభ్య సమావేశం. కార్యదర్శి సంతకం కావాలి.

వేలం దాకా బండిని ముత్యాలరాజు దొడ్లో ఉంచుదామని కూడా అనుకున్నారు. భీమరాజుగారు కారణం చెప్పారు. "ముత్తయిదువ లేని గుమ్మంలోంచి బయలుదేరుతుంటే బండి చప్పుడు చెయ్యక పాటలు పాడుద్దా అండీ?" నా ఎదుటే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నేను ఎదురుగా ఉన్నట్టు మరిచిపోయారంతే. "మినిట్సులో రాయనా?" అని అడిగాను. వద్దన్నారు.

నిన్న మార్తమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"బాబుగారూ, మా ఆయన బాంబులు పడతా ఉంటే తోలేడండి బండి. ఒక్క నట్టు పారేసుకోలేదు. ఇప్పుడు దొంగచప్పుడు చేత్తన్నాడంటన్నారు. సొమ్ము దొంగతనంగా తీత్తారు గానండి, చప్పుడు దొంగతనంగా ఎలా చేత్తారండి?"

నవ్వు రావలసిన మాట. రాలేదు.

"అమ్మగారుంటే ఈ మాట పడనిచ్చేవోరా అండీ?" అంది.

మజ్జిగ ఇచ్చి పంపాను.

వాదించే ఓపిక నాకు లేదు, పేర్రాజూ. సంతకం పెట్టేస్తాననుకుంటాను. నువ్వు చెప్పిన పుస్తకం మాత్రం రోజూ రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో తెలియదు.

కామేశ్వరరావు

*

రాజమండ్రి,
20-8-1954

బావగారికి,

సంతకం పెట్టకండి. ఆ పుస్తకంలో ఇంకొక గడి గీయండి. ఆ రోజు వాన పడిందా లేదా. మీకు గుర్తు లేకపోతే మీ పొరుగు రైతుని అడగండి. తరవాత మొత్తం మళ్ళీ చదవండి.

పేర్రాజు

*

అమలాపురం,
27-8-1954

చి. పేర్రాజుకు,

గడి గీశాను.

పొడిగా ఉన్న రోజున చప్పుడు ఉంది. వాన పడిన రోజున లేదు. పొడిరోజైనా, గోదావరి దాటాక లేదు. దీనికి ఒక్క మినహాయింపు కూడా లేదు. ఫిజిక్సులో ఇంత శుభ్రమైన ఫలితం నా చదువు మొత్తంలో నాకెప్పుడూ రాలేదు. పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఏసుపాదాన్ని పిలిచి రేవులో ఏం చేస్తావని అడిగాను.

"పంటు కోసం కాసుకుంటాం కదండీ. ఆ ఖాళీలో బండి మొహాన నాలుగు బక్కెట్లు కొడతానండి. దుమ్ము పోద్దని. రాజమండ్రిలోనూ రోజూ పొద్దున్నే రేవుకి తోలుకెళ్ళి కొట్టేనండి."

అందుకే నీ షెడ్డులో పలకలేదు.

"మరి ఇక్కడ కొట్టవా?"

వాడు తలగుడ్డ తీశాడు. "ఇక్కడ కొట్టనండి. వెనకాలా, పక్కలా తడిగుడ్డతో తుడుత్తాను. ముందర అమ్మగారు పోసేవోరు కదండీ రోజూ. ఆరు పోసిన చోట నేనెలా కొడతానండి?"

నీకు తెలుసు కదా. మీ అక్క రోజూ పొద్దున్నే బండి బయలుదేరేముందు ఎదురు వచ్చేది. జాలీ మీద చెంబెడు నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, పక్కకి తప్పుకునేది. నేను అరుగు మీద పేపరు చదువుకుంటూ నవ్వేవాణ్ణి. ఇంజనుకి పేరంటం అయిందా అని అడిగేవాణ్ణి. అయింది, మీరు కాఫీకి రండి, అనేది.

ఏసుపాదం ఏప్రిల్లో చెప్పింది తేదీ మాత్రమే కాదు, కారణం కూడా. వాడికి క్షమాపణ చెప్పాను. వాడికి ఎందుకో అర్థం కాలేదు.

అయితే నీళ్ళు తగిలితే నోరు మూసే వస్తువు ఇంజను దగ్గర ఏముంటుంది? ఇనుము ఉబ్బదు. నిన్న సావిడిలోకి వెళ్ళాను. ఫిబ్రవరి తరవాత ఇదే. జాలీలోంచి చెయ్యి పెట్టి చూడబోతే ఆ సందులో నా చెయ్యి పట్టలేదు.

ఇంకొక మాట. మొదటి ఉత్తరంలోనే ముందరి జాలీ దగ్గర్నించి మొదలుపెట్టమన్నావు. ఎవరు కడుగుతున్నారని అడిగావు. వాన మొదలైందా అని అడిగావు. నీకేదో తెలుసు. ఐదో తేదీకి ఇంక తొమ్మిది రోజులున్నాయి.

కామేశ్వరరావు

*

రాజమండ్రి,
30-8-1954

బావగారికి,

తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు.

దీనితో అక్క ఉత్తరం పెడుతున్నాను. పోయిన డిసెంబరులో రాసింది. దానికి నేను జవాబు రాయలేదు. షెడ్డులో పని ఎక్కువగా ఉందని పక్కన పెట్టాను. సంక్రాంతి వెళ్ళాక రాద్దామనుకున్నాను. తరవాత టెలిగ్రాం వచ్చింది.

మీకు చప్పుడు సంగతి చెప్పాలంటే ఈ ఉత్తరం సంగతి చెప్పాలి. ఉత్తరం సంగతి చెబితే, అక్క అడిగిన ఒకే ఒక్క వస్తువు నేను పంపలేదని చెప్పాలి. అందుకని మీరే చూసి కనుక్కుంటారని నాలుగు నెలలు డొంకతిరుగుడుగా రాస్తూ వచ్చాను. మీ ఉపసంఘం ఇక్కడికి వచ్చినప్పుడు, వాళ్ళు స్నానానికి వెళ్ళిన వేళ జాలీలోంచి రెండు వేళ్ళు పెట్టాను. వేళ్ళకి పీచు తగిలింది, తడిగా. అది పీకేసి రబ్బరు ముక్క పెట్టడం ఐదు నిమిషాల పని. అప్పుడు రబ్బరు నా జేబులోనే ఉంది. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. అక్క పెట్టినదాన్ని పీకడానికి చేతులు రాలేదు. ఏసుపాదం పక్కనే కూర్చుని ఏడుస్తున్నాడు. అయినా చెప్పలేదు. ముత్యాలరాజుకీ నాకూ ఏమి తేడా ఉందో మీరే చెప్పాలి.

రబ్బరు ముక్క పార్సిలులో పంపుతున్నాను. అక్క ఉత్తరం చదివి తిప్పి పంపండి.

పేర్రాజు

[జతపరచిన ఉత్తరం]

అమలాపురం,
ధనుర్మాసం, మంగళవారం

చిరంజీవి పేర్రాజుకి అక్క సీతారత్నం ఆశీర్వదించి రాయునది. పిల్లలకి దగ్గు తగ్గిందా? మిరియాల పొడి మానొద్దు.

నీతో ఒక పని పడింది. మా వ్యానుకి ముందర పంకా చుట్టూ రేకు ఉంటుంది చూడు, దానికి కుడి పక్క బోల్టు కింద ఏదో ఊడిపోయి రేకు గలగల్లాడుతోంది, మూకుట్లో వేరుసెనగలు ఆడించినట్టు. ఏసుపాదం ఇంకా వినలేదు, వాడికి బాంబుల మోతకి ఒక చెవి మందం. ఆ చప్పుడు మీ బావగారు వింటే పుస్తకం తీస్తారు. భీమరాజుగారు వింటే ఏసుపాదం ఉద్యోగం తీస్తారు, ఆ అల్లుడు ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తున్నాడు. మార్తమ్మకి ఇది ఏడో నెల.

అందుకని ఎవరూ వినకముందే జాలీ సందులోంచి ఇంత కొబ్బరి పీచు తీసుకుని కూరాను. గాజులు తీస్తే నా చెయ్యి పట్టింది. పీచు ఎండితే మళ్ళీ వదులవుతోంది. పొద్దున్నే చెంబెడు నీళ్ళు కుడి పక్కగా పోస్తే ఉబ్బి బిగిసి సాయంత్రం దాకా నోరు మూసుకుంటోంది. ఊరికే నీళ్ళు పోస్తే ఎందుకని అడుగుతారని బొట్టు కూడా పెడుతున్నాను. మీ బావగారు నవ్వుతున్నారు. నవ్వనీ. నవ్వేవాళ్ళు ఇంక కారణం అడగరు.

కానీ రోజూ ఎక్కడ పొయ్యను, ఒకరోజు ఒళ్ళు బాగుండదు. నువ్వు సరైన రబ్బరు ముక్క ఒకటి చూసి పంపు. ఆయనతో చెప్పొద్దు, చదువుకున్నవారు, చిన్నబుచ్చుకుంటారు.

ఉంటాను.

*

అమలాపురం,
7-9-1954

పేర్రాజుకు,

సమావేశం జరిగింది. చెబుతాను.

అందరూ దొడ్లో చాపల మీద కూర్చున్నారు. భీమరాజుగారు కుర్చీలో. బండి స్టార్టు చేయించాను. పొడిరోజు. శబ్దం బ్రహ్మాండంగా వచ్చింది. ముత్యాలరాజు అందరివైపూ చూశాడు. ఏసుపాదం బండి దిగి చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

తీర్మానం మీద సంతకం పెట్టే ముందు ఒక ప్రయోగం చేస్తానన్నాను. లోపలికి వెళ్ళి చెంబు తెచ్చాను. మీ అక్క చెంబే. జాలీ మీద నీళ్ళు పోశాను. చప్పుడు అలాగే ఉంది. పీచు నీళ్ళు తాగి ఉబ్బడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. అందుకని భీమరాజుగారిని రెండు మాటలు మాట్లాడమన్నాను.

సహకారోద్యమం గురించి మొదలుపెట్టారు. కొబ్బరి చెట్టులో పనికిరాని భాగం లేదని చెప్పారు. ఆకు, మట్ట, కాయ, చిప్ప వరస పెట్టి వివరించారు. "పీచుందండీ, పీచు! పీచు చెయ్యలేని పనుందా అండీ ఈ లోకంలో?" అన్నారు. ఆ మాటకి నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. ఆయన ఉత్సాహపడి ఇంకా పొడిగించారు. ఉపన్యాసం ముగిసేసరికి ఇంజనులో ఆ గలగల కూడా ఆగింది. మొదట గమనించినది చెవిటాయన. ఆయన చాప మీద చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. నేలలో జలదరింపు తగ్గిందన్నాడు.

వివరిద్దామని నోరు తెరిచాను. భీమరాజుగారు నన్ను దాటి బండి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ జోడించారు. "చూసేరా! ఈ గుమ్మం మహత్యమండి ఇది. ఈ బండి ఇక్కణ్ణించి కదలకూడదండి" అన్నారు. మూడు వారాల క్రితం ఈ గుమ్మం గురించి అన్నది ఆయనకి గుర్తు లేదు. ఆయనకి ఉన్న గొప్ప గుణం అది.

తీర్మానం నేనే రాశాను: "కార్యదర్శిగారి గుమ్మమునందు జలాభిషేకము జరుపగా వాహనము శాంతించుచున్నందున, వాహనమును అచ్చటనే ఉంచుటకున్నూ, డ్రైవరు ఏసుపాదమును కొనసాగించుటకున్నూ, నిత్యాభిషేక బాధ్యత కార్యదర్శికి అప్పగించుటకున్నూ." బలపరచినవారు: ముత్యాలరాజు. మామగారు చూస్తున్నారు.

సంతకం పెట్టాను.

పీచు మాట చెప్పలేదు. చెబితే తీసేసి రబ్బరు పెట్టమంటారు. అది న్యాయమైన మాట కూడా. నీ రబ్బరు ముక్క అందింది. మంచి సరుకు. బీరువాలో ఉంది.

పీచు ఆరునెలలకి కుళ్ళుతుందని నువ్వు రాస్తావు. ముందే జవాబు చెబుతున్నాను. మార్తమ్మ చెయ్యి ఆ సందులో పడుతుంది. కొబ్బరి సంఘం కార్యదర్శికి పీచు కరువు లేదు. మొన్న ఆమె చంకలో పిల్లతో వచ్చి, కళ్ళు తుడుచుకుని, "మా ప్రార్థనేనండి ఇది" అంది. ఆయ్, అన్నాను.

నువ్వు జవాబు రాయకపోవడం గురించి. నీది రెండు నెలల ఆలస్యం. నేను రోజూ అరుగు మీద ఉండి, అది ఎందుకు పోస్తున్నావని ఒక్కసారి అడగలేదు. కనుక మనం ఒకరికొకరం ఏమీ చెప్పుకోనక్కర లేదు.

ఉత్తరం తిప్పి పంపడం లేదు. అడగకు.

ఊళ్ళో నా గురించి రెండు రోజులుగా నవ్వుకుంటున్నారు. బి.ఏ. చదివినాయన పొద్దున్నే ఇంజనుకి స్నానం చేయిస్తున్నాడని డాక్టరుగారు అన్నారట. కారణం ఎవరూ అడగలేదు.

ఈ పొద్దున ఆరింటికి చెంబు పట్టుకుని బండి ముందు నిలబడ్డాను. బొట్టు పెట్టడం నాకు సరిగ్గా రాలేదు. నీళ్ళు పోస్తుంటే ఏసుపాదం స్టీరింగు దగ్గర్నించి తల బయటికి పెట్టాడు.

"ఇంకాస్త కుడేపండి. అమ్మగారు అక్కడ పోసేవోరండి."

కుడివైపు పోశాను.

మీ బావ,
కామేశ్వరరావు